ఎండలు ముదరకముందే ఒక మాట

చి. సౌ. చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ దగ్గర ఇద్దరు పిల్లలు పిహెచ్‌డీకి చేరారని, ఎండలు కూలీల ఆరోగ్యాన్ని ఎలా దెబ్బతీస్తున్నాయో పరిశోధిస్తారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా ఒళ్లో కూర్చుని పలక మీద అక్షరాలు దిద్దిన పిల్ల ఈ రోజు గైడ్ అయింది! ఆ సంతోషం సంతోషమే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మనుషుల మీద చేసే పరిశోధనను ముందుగా పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతికి ఇప్పుడే దరఖాస్తు పెట్టించు. ఒక వేసవి చేజారితే ఒక ఏడాది పోయినట్టే. ఫెలోషిప్ డబ్బు నెలనెలా పడుతోందో లేదో నువ్వే అడుగు, వాళ్లు మొహమాటపడి చెప్పరు.

వాతావరణ కేంద్రం లెక్కలనే నమ్ముకోనివ్వకు. అక్కడి థర్మామీటరు తెల్లపెట్టెలో, నీడపట్టున ఉంటుంది. పొలంలో వంగిన మనిషికి ఆ నీడ ఏది? తేమ, ఎండ, గాలి కలిపి కొలిచే పరికరం కొనివ్వు. మరణాల సంగతీ అంతే. వడదెబ్బతో పోయినా చాలాసార్లు కాగితం మీద గుండె ఆగిందనే ఉంటుంది. 2010 మే నెలలో అహ్మదాబాదులో మొత్తం మరణాలను మిగతా ఏళ్లతో పోల్చి చూస్తేనే 1,344 అదనపు మరణాలు బయటపడ్డాయి. ఆ వేసవి తర్వాతే, 2013లో, ఆ నగరం వడగాడ్పులకు కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. అంకెలతో విసిగిపోయిన రోజున పిల్లలకు ఈ సంగతి చెప్పు.

ఇక మీ అమ్మకు కూడా చెప్పనిది ఒకటుంది.

చాలా ఏళ్ల కిందట నా దగ్గర ఒక అమ్మాయి పరిశోధన చేసేది. పల్నాడులో, మిర్చి కల్లాల్లో తాలుకాయలు ఏరే ఆడకూలీల మీద. ఏప్రిల్ చివర. పన్నెండు నుంచి మూడు దాకా గంటగంటకూ రీడింగు తీయాలని పట్టుబట్టింది నేనే. ఆమెను ఒంటరిగా పంపిందీ నేనే. "ఈ పది రోజులు పోతే మళ్లీ ఏడాది ఆగాలి" అన్నాను. ప్రశ్నావళిలో "పొద్దుటి నుంచి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు? తక్కువైతే ఎందుకు?" అని నా చేత్తో రాశాను. "తాగితే ఎక్కడికి పోవాలమ్మా, ఇక్కడ చాటు ఏది?" అన్నారు కూలీలు. ఆ జవాబులు నేను శ్రద్ధగా చదివాను. ఈ పిల్లకు మాత్రం చాటు ఎక్కడుందని ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె కూడా పొద్దున బస్సెక్కిన దగ్గర నుంచి నోరు తడుపుకోవడమే తప్ప నీళ్లు తాగేది కాదట.

నాలుగో రోజు నోటుపుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పన్నెండు గంటల అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. ఒంటిగంటవి గీత దిగి జారిపోయాయి. ఆ తర్వాత ఖాళీ. మాట తడబడటం చూసి ఒక ముసలామె ఆమెను వేపచెట్టు కిందికి లాక్కెళ్లి, బిందెడు నీళ్లు ఒంటి మీద కుమ్మరించి, తడికొంగుతో విసిరిందట. సాయంత్రం దాకా అందరూ తాగాల్సిన నీళ్లవి. ఆ నీళ్ల వల్లే పిల్ల బతికింది. ఆసుపత్రిలో నన్ను చూడగానే "రెండు గంటల రీడింగు తీయలేదు మేడమ్, క్షమించండి" అంది. ఆ మాట ఈనాటికీ నన్ను వదల్లేదు.

గైడుకు 'కాదు' అని చెప్పే ధైర్యం పిల్లలకు ఉండదు తల్లీ. కాబట్టి ఇద్దరినీ కలిపే పంపు. మిట్టమధ్యాహ్నం ఎవరూ ఎండలో నిలబడనక్కరలేదు, పరికరమే దానంతట అది నమోదు చేసేలా ఏర్పాటు చెయ్యి. ఊరికి వెళ్లే ముందు ఏ ఇంట్లో మరుగుదొడ్డి వాడుకోనిస్తారో కనుక్కోమను. తల తిరిగినా, మాట తడబడినా పని ఆపేసి వచ్చేయవచ్చని, ఎవరూ ఏమీ అనరని ముందే కాగితం మీద రాసి నీ సంతకంతో ఇవ్వు. నోటిమాట చాలదు. నేను చెప్పింది కూడా నోటిమాటే.

మరీ గట్టిగా రాశానేమో, ఏమీ అనుకోకు. నువ్వు మంచి గైడువి అవుతావు, నాకు తెలుసు. కానీ చిన్నప్పటి నుంచీ నెత్తిన ఏమీ లేకుండా తిరిగే పిల్లవి. నల్లవి మూడు గొడుగులు కొరియర్‌లో పంపుతున్నాను. పెద్దది నీకు.

నీ పెద్దమ్మ