అయోవా పల్లె కౌంటీలో ఫోర్-హెచ్: పొలం లేని ఇంటి పిల్లలు చేరొచ్చా?

డాలస్ నుంచి అయోవాలో ఓ చిన్న ఊరికి మారుతున్నామని, అక్కడ ఎవర్ని కదిపినా ఫోర్-హెచ్ అనే పిల్లల క్లబ్బుల గురించే చెబుతున్నారని, పదేళ్ల పాపనీ ఆరేళ్ల బాబునీ చేర్చాలా వద్దా అని అడిగారు. "అది రైతుల పిల్లలకి కదా, పైగా మేం మాంసం ముట్టం" అని కూడా రాశారు. నా మాట ఒక్కటే, చేర్చండి. మా వారు ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు. మాకు సెంటు పొలం లేదు, గొడ్డూ గోదా లేదు, ఇంట్లో వంట అంతా శాకాహారమే. మా అమ్మాయి నాలుగో తరగతిలో చేరింది, హైస్కూలుకొచ్చినా వదల్లేదు.

ముందు ఇదేమిటో చెప్తాను. హెడ్, హార్ట్, హ్యాండ్స్, హెల్త్, ఈ నాలుగు హెచ్‌లే ఆ పేరు. ఊళ్లో ఎక్కడ చూసినా కనిపించే ఆకుపచ్చని నాలుగాకుల గుర్తు వీళ్లదే. 1902లో ఒహాయోలోని క్లార్క్ కౌంటీలో ఎ.బి. గ్రాహం అనే స్కూళ్ల సూపరింటెండెంటు పల్లె పిల్లలకి పెట్టిన క్లబ్బుతో మొదలైందంటారు. అయోవా వాళ్లు మాత్రం పేజ్ కౌంటీలో పనిచేసిన జెస్సీ ఫీల్డ్ షాంబా పేరు ముందు చెప్తారు. 1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చాక ఇదంతా యూనివర్సిటీల ఎక్స్‌టెన్షన్ విభాగాల కిందికి, అంటే అక్కడి విజ్ఞానాన్ని ఊళ్లలోని జనానికి చేరవేసే విభాగాల కిందికి వచ్చింది. ఇక్కడ నడిపేది అయోవా స్టేట్ యూనివర్సిటీ. రాష్ట్రంలోని 99 కౌంటీల్లోనూ వాళ్ల ఆఫీసు ఉంటుంది. ఈ పద్ధతి మనకి మరీ కొత్తదేం కాదు. 1964లో రాజేంద్రనగర్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు, ఇలాంటిదే అయిన కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు వచ్చి తోడ్పడ్డారు. మా నాన్నగారు అక్కడే చదివారు కాబట్టి ఎక్స్‌టెన్షన్ అనే మాట నేను చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను.

రైతుల పిల్లలకే అన్నది పాత సంగతి. ఇప్పుడు ఫొటోగ్రఫీ, కుట్టుపని, చెక్కపని, రాకెట్లు, లెగో రోబోటిక్స్, తోటపని, వంట, విలువిద్య, ఏది కావాలంటే అది ప్రాజెక్టుగా తీసుకోవచ్చు. సంవత్సరమంతా దాని మీద పనిచేసి, ఎండాకాలంలో జరిగే కౌంటీ ఫెయిర్‌లో పెడతారు. అసలు విలువంతా ఇక్కడే ఉంది, కాస్త వివరంగా చెప్తాను.

ఎగ్జిబిట్ తీసుకెళ్లి బల్ల మీద పెట్టేసి రావడం కాదు. జడ్జి ఎదురుగా కూర్చుంటారు, పిల్ల వెళ్లి ఆవిడ ఎదురు కుర్చీలో కూర్చోవాలి. అమ్మానాన్నలు దూరంగా ఉండాలి. ప్రతి ఎగ్జిబిట్‌తో పాటు ఒక కాగితం ఉంటుంది, అందులో మూడు ప్రశ్నలు: నీ లక్ష్యం ఏమిటి, దానికోసం ఏం చేశావు, ఏం నేర్చుకున్నావు. మా అమ్మాయి ఒక ఏడాది జంతికలు పెట్టింది. బయట ఉంచినా పాడవని తినుబండారాలే పెట్టనిస్తారు, కాబట్టి జంతికలు సరిగ్గా సరిపోయాయి. కానీ తయారీ విధానం కొలతలతో సహా రాసివ్వాలి. విజయనగరంలో ఉన్న మా అత్తగారికి ఫోన్ చేస్తే "పిండి చేతికి తెలుస్తుందే అమ్మా" అన్నారు. నేను వేలు పెట్టలేదు, మనవరాలొక్కతే కూర్చుని, ఆవిడ గుప్పెళ్లనీ గరిటెల్నీ వీడియోలో చూస్తూ కప్పుల్లోకి, చెంచాల్లోకి మార్చుకుంది. రెండు మూడు వాయిలు గట్టిగా వచ్చాయి కూడా.

ఫెయిర్ రోజున జడ్జి ఒక జంతిక తీసుకుని విరిచింది. లోపలి గుల్ల చూసింది. "పిండిలో వేడి నూనె ఎందుకు పోశావు?" అని అడిగింది. పోయకపోతే ఎలా వచ్చాయో, పోస్తే ఎలా వచ్చాయో మా పిల్ల చెప్పింది. "మరి వీటిలో కొన్ని ఎక్కువ ఎర్రబడ్డాయేం?" అంటే, నూనె వేడి ఒక్కలా ఉంచలేకపోయానంది. వచ్చే ఏడాది థర్మామీటరు వాడి చూడమని ఆవిడే రాసిచ్చి, ఎర్ర రిబ్బను ఇచ్చింది. నీలం అంటే బాగుంది, ఎరుపు అంటే ఇంకొంచెం సరిచేసుకోవాలి, తెలుపు అంటే చాలా సరిచేసుకోవాలి. పక్క పిల్లతో పోల్చి ఇవ్వరు, ఎంత బాగుండాలో ముందే రాసిపెట్టుకున్న కొలతతో పోల్చి ఇస్తారు. అందుకే ఒకే బల్ల మీద పదిమందికి నీలం రావచ్చు. ర్యాంకుల మధ్య పెరిగిన మనలాంటి తల్లిదండ్రులకి ఇది అలవాటవడానికి కొంత టైం పడుతుంది. ఇంకో సంగతి, ఆవకాయ పెడదామని ఆశపడకండి. నిల్వ పదార్థాలకి పరీక్ష చేసి ఆమోదించిన విధానాలే వాడాలి, అమ్మమ్మ చేతి కొలతలు అక్కడ చెల్లవు.

పిల్లల బదులు మీరు చేసి పెట్టకండి. జడ్జికి రెండో ప్రశ్నలోనే తెలిసిపోతుంది, పిల్ల ముఖం చిన్నబోతుంది.

క్లబ్బు మీటింగు నెలకోసారి, మాకు చర్చి హాల్లో. నడిపేది పిల్లలే. ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ అందరూ వాళ్లలోంచే ఎన్నికవుతారు. హాజరు పిలిచేటప్పుడు 'ప్రెజెంట్' అనరు, ఆ నెల ప్రశ్నకి జవాబు చెప్పాలి, మీకిష్టమైన కూరగాయ ఏది లాంటివి. ఏదైనా నిర్ణయం కావాలంటే ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, ఓటు వెయ్యాలి. పదేళ్ల పిల్ల లేచి "ఫుడ్ బ్యాంకుకి నూరు డాలర్లు ఇద్దామని ప్రతిపాదిస్తున్నాను" అని, అందరూ తనవైపు చూస్తుంటే తడబడకుండా కారణం చెప్పడం మీరు ఒక్కసారి చూడాలి. మా అమ్మాయి స్కూల్లో నోరు విప్పేది కాదు. మాటలు వచ్చింది ఈ మీటింగుల్లోనే అని నేను గట్టిగా చెప్తాను.

ఇక పశువుల సంగతి. దీన్ని మీరు తేలిగ్గా తీసుకోవద్దు. మార్కెట్ ప్రాజెక్టు కింద పెంచే పంది, గొర్రె, ఎద్దు ఫెయిర్ చివర్లో వేలానికి వెళ్తాయి. ఊళ్లోని బ్యాంకులు, దాణా కొట్లవాళ్లు పిల్లల్ని ప్రోత్సహించాలని ఎక్కువ ధర పెడతారు. ఆ తర్వాత చాలావరకు అవి కబేళాకే వెళ్తాయి. నెలల తరబడి తన చేత్తో మేపిన జంతువు మెడ పట్టుకుని ఏడ్చే పిల్లల్ని ప్రతి ఏడూ చూస్తాం, వాళ్లవి తరతరాల రైతు కుటుంబాలే. పాప ముచ్చటపడింది కదా అని ఒప్పుకుని చివర్లో చెప్పడం అన్యాయం, మొదటిరోజే చెప్పాలి. మీ ఇంటికి నప్పే దారులు వేరే ఉన్నాయి: కుక్కకి శిక్షణ, గుడ్ల కోళ్లు, గుర్రం, సంతానం కోసం పెంచే కుందేళ్లు, పాడి పెయ్య. ఇంట్లో చోటు లేకపోతే పక్క రైతు దగ్గరి పెయ్యని ఒప్పందం రాసుకుని మేపే వీలు చాలాచోట్ల ఉంటుంది, మీ కౌంటీ ఆఫీసులో అడగండి. పశువుల్ని ప్రదర్శించేవాళ్లు ప్రతి ఏడూ వైక్యూసీఏ అనే సంరక్షణ పాఠం పూర్తి చెయ్యాలి, జంతువుల వివరాలు గడువులోపు నమోదు చెయ్యాలి. గడువు దాటితే ఎంత బతిమాలినా లాభం లేదు. మా పిల్ల కుందేళ్లు పెంచింది. చలికాలంలో తెల్లారకముందే లేచి గడ్డకట్టిన నీళ్ల సీసాలు మార్చడం తన పనే, మేం ఎవరం చెయ్యలేదు.

నాట్యం నేర్చుకునే పిల్లలుంటే షేర్-ద-ఫన్ అని ఒక విభాగం ఉంది. మా అమ్మాయి అక్కడ కూచిపూడి చేసింది. కౌంటీలో ఎంపికైతే ఆగస్టులో డెమోయిన్‌లో జరిగే అయోవా స్టేట్ ఫెయిర్‌లో చెయ్యొచ్చు. పెద్దయ్యాక కౌంటీ యూత్ కౌన్సిల్, జూన్‌లో ఏమ్స్ క్యాంపస్‌లో జరిగే రాష్ట్ర సదస్సు, అట్లాంటాలో నేషనల్ ఫోర్-హెచ్ కాంగ్రెస్, ఫోర్-హెచ్ ఫౌండేషన్ ఇచ్చే స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. వీటికోసం ఏడాదేడాదీ రికార్డు పుస్తకం రాసుంచుకోవాలి. కాలేజీ అప్లికేషన్ కోసమే అయితే మాత్రం చేర్చకండి, పిల్లలకి అది తెలిసిపోతుంది, రెండేళ్లలో మానేస్తారు.

మీ బాబు క్లోవర్ కిడ్స్‌లో చేరతాడు. కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా అదే. పోటీ ఉండదు, తను చేసింది చూపించి ఒక రిబ్బను తెచ్చుకుంటాడు. పాప నాలుగో తరగతికి వచ్చి ఉంటే నేరుగా క్లబ్బులోకి. కొత్త ఏడాది సెప్టెంబరులో మొదలవుతుంది. ఫీజు కొంచెమే, అదీ కష్టమైతే సాయం చేస్తారు. మీరు వాలంటీరుగా ఉంటానంటే ముందు నేపథ్య తనిఖీ చేస్తారు, దానికి నొచ్చుకోకండి. మొదటి ఏడాది రెండు ప్రాజెక్టులు చాలు, పాప పది అడిగినా రెండే.

ఫెయిర్‌కి ముందే ఊరు చేరేటట్టుంటే ఇంకా మంచిది. ఎగ్జిబిట్ల జడ్జింగ్ ఎప్పుడో కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. రంగులరాట్నాలు తిరిగే రోజు కాకుండా ఆ రోజు పాపని తీసుకెళ్లి, జడ్జిల బల్లల దగ్గర ఒక గంట నిలబడనివ్వండి. ఏ ప్రాజెక్టు కావాలో తనే చెప్తుంది.