డాక్టర్ సలహా: వరదలో వచ్చిన కుక్కను ఉంచుకోవచ్చా?

ప్రశ్న: మాది కోనసీమలో ఒక లంక గ్రామం. నా వయసు 64. పదకొండేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. ఆగస్టులో గోదావరి పొంగి మేమంతా ఏటిగట్టు ఎక్కినప్పుడు, ఎముకలు తేలిన ఒక కుక్క మా టార్పాలిన్ కిందకు వచ్చి పడుకుంది. నీళ్లు తీశాక నా వెనకే ఇంటికి వచ్చేసింది. వరదయ్య అని పేరు పెట్టాను. మా ఆయన పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఇప్పుడు వాడు ఉదయం ఐదింటికే తలుపు గీకి లేపుతాడు, గట్టు మీద అరగంట తిప్పందే ఊరుకోడు, రాత్రి నా కాళ్లు నాకుతూ పడుకుంటాడు. సంక్రాంతికి నాలుగేళ్ల మనవరాలు వస్తోంది. కుక్కను వదిలేయమంటున్నాడు మా అబ్బాయి. ఏం చేయాలి?

జవాబు: వరదయ్యను వదిలేయనవసరం లేదమ్మా. అయితే మీ ఉత్తరంలో నాకు భయం పుట్టించిన మాట ఒకటుంది: కాళ్లు నాకడం.

ఏళ్ల తరబడి షుగర్ ఉంటే పాదాలకు స్పర్శ తగ్గుతుంది. మడమ పగిలినా, ముల్లు దిగినా తెలియదు. నేల మీద అద్దం పెట్టి అరికాళ్లు ఒకసారి చూసుకోండి. పగుళ్లు ఉంటే కుక్క లాలాజలంలోని సూక్ష్మజీవులకు అవే దారులు. చర్మం బాగున్నచోట నాకితే ఏమీ కాదు. కానీ టీకా వేయని కుక్క పగిలిన చర్మాన్ని నాకడం, రేబిస్ లెక్కలో రక్తం వచ్చేలా కరవడంతో సమానం. కాబట్టి పాదాలను సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, రేపే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి. టీకా ఉచితమే. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో, మొదటి డోసు వేసిన రోజును 0గా లెక్కించి, 0, 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. పగుళ్ల దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ క్రిమిని వెంటనే అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా అవసరం కావచ్చు. ఇన్ని నెలలుగా కుక్క బాగానే ఉందిగా అని ఆగవద్దు. పసుపు, కారం అద్దే వైద్యం అసలే వద్దు.

వరదయ్యను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి రేబిస్ టీకా, నులిపురుగుల మందు వేయించండి. లెప్టోస్పైరోసిస్ టీకా గురించీ అడగండి. ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే జబ్బది. వరిచేలో దిగే కూలీకీ, పంట కాలువలో ఈదే కుక్కకూ ఒకటే ముప్పు. మీకు ఎప్పుడైనా జ్వరంతో పాటు పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు కనిపిస్తే కుక్క సంగతి డాక్టరుకు చెప్పడం మరవకండి. అన్నట్టు, ప్రేమ కొద్దీ చేపల పులుసు అన్నం కలిపి పెడుతున్నారేమో! ముళ్ల సంగతి అటుంచి, ఉల్లిపాయ కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది.

పాపను కుక్కతో ఒంటరిగా వదలవద్దు, ముఖ్యంగా అది తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు. ఆడాక చేతులు కడిగించండి. రేబిస్‌కు ముందుజాగ్రత్త టీకా పిల్లలకూ ఉంది. వాళ్ల డాక్టరును అడగమని మీ అబ్బాయికి చెప్పండి.

ఇక ఆ ఉదయపు అరగంట. రోజూ నడవమని నేను ఎంత చెప్పినా వినని రోగులు ఎందరో. మీ చేత వరదయ్య తలుపు గీకి మరీ నడిపిస్తున్నాడు. మానవద్దు. చెప్పులు మాత్రం తప్పనిసరి, షుగర్ పడిపోతే నోట్లో వేసుకోవడానికి కొంగున నాలుగు చక్కెర బిళ్లలు ముడి వేసుకోండి. నడక పెరిగాక షుగర్ మరీ పడిపోతోందేమో పరీక్ష చేయించి, మందుల మోతాదు మీ డాక్టరుతో సరిచూసుకోండి. పండక్కి పాపను కూడా గట్టు మీదికి తీసుకెళ్లండి, గొలుసు మాత్రం మీ చేతిలోనే ఉండనివ్వండి.