వేగ పరీక్షల ఫలితాలు, లైసెన్సు షరతు

ప్రశ్న: తమ ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ కంటే రెట్టింపు వేగంగా పనిచేస్తుందని ఒక కంపెనీ ప్రకటించింది. ఇంజనీరునైన నేను రెండింటినీ ఒకే యంత్రంపై పరీక్షించి, అది నిజం కాదని అంకెలతో ప్రచురించాను. అనుమతి లేకుండా ఫలితాలు వెల్లడించడం లైసెన్సు ఉల్లంఘన అంటూ కంపెనీ నష్టపరిహారం కోరుతూ నోటీసు పంపింది. ఆ లైసెన్సును చదవకుండానే అంగీకరించాను. ఏళ్ల తరబడి వారి ఉత్పత్తినే నమ్ముకున్న నాకు ఇది అవమానం. యంత్రాన్ని ఫార్మాట్ చేసి, పరీక్ష నేను చేయలేదని జవాబిస్తే సరిపోతుందా?

జవాబు: ఏది వేగవంతమైన సిస్టమ్ అన్నది ఇక్కడ మొదట తేలవలసిన విషయం కాదు. పరీక్ష జరిగిన నాటికి అమలులో ఉన్న లైసెన్సు ప్రతిలో ప్రచురణను నిషేధించే షరతు ఉన్నదా, దానికి మీరు సమ్మతించారని కంపెనీ రుజువు చేయగలదా అన్న అంశమే ఈ వ్యవహారాన్ని నిర్ణయిస్తుంది. షరతు చెల్లితే, మీ అంకెలు అక్షరాలా నిజమైనా ఉల్లంఘన ఉల్లంఘనే అవుతుంది. మీట నొక్కి అంగీకరించారన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 10ఏ చెబుతోంది. వృత్తిరీత్యా ఇంజనీరై ఉండి, చదవకుండా సమ్మతించి, ప్రతి కూడా దాచుకోకపోవడం క్షమించరాని అజాగ్రత్త.

ఇటువంటి షరతులకు అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ డివిట్ పేరే స్థిరపడింది. 1980వ దశకంలో ఆయన డేటాబేస్ పరీక్షల్లో ఒరాకిల్ కంపెనీ ఉత్పత్తి వెనుకబడిన తర్వాతనే ఇవి వ్యాపించాయి. 2003లో నెట్‌వర్క్ అసోసియేట్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాడిన ఇలాంటి షరతును న్యూయార్క్ న్యాయస్థానం తప్పుబట్టింది. అయితే అక్కడ షరతు రాసిన తీరు వినియోగదారులను తప్పుదారి పట్టించేదిగా ఉండటం ప్రధాన కారణం. పైగా ఆ తీర్పుకు మన కోర్టులు కట్టుబడవు. వాదనలో ఉదహరించవచ్చు, దానిమీదే ఆధారపడవద్దు.

ఫార్మాట్ ఆలోచనను ఈ క్షణమే మానుకోండి. నోటీసు అందాక సాక్ష్యాన్ని నాశనం చేస్తే, అది మీకు వ్యతిరేకంగా ఉండేదనే కోర్టు భావించవచ్చు. కోర్టుకు చేరకుండా ఎలక్ట్రానిక్ రికార్డును చెరిపివేయడం నేరం కూడా. అంతకంటే ముఖ్యంగా, మీరు అబద్ధపు అంకెలు ప్రచారం చేశారని వారు రేపు ఆరోపిస్తే, పరీక్ష వివరాలు నమోదైన లాగ్ ఫైళ్లే మీకు రక్ష. యంత్రం వివరాలు, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం) సంచిక, సెట్టింగులు, పరీక్ష నడిపిన ప్రతిసారీ వచ్చిన అసలు ఫలితాన్ని యథాతథంగా భద్రపరచండి. వాటి ప్రతులను కోర్టులో దాఖలు చేయడానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి.

ఒప్పంద ఉల్లంఘనపై దావాకు గడువు మూడేళ్లు. అయితే ప్రచురణ కొనసాగినంత కాలం ఉల్లంఘన కూడా కొనసాగుతోందని, 1963 నాటి లిమిటేషన్ చట్టం సెక్షన్ 22 కింద గడువు అనుక్షణం కొత్తగా మొదలవుతుందని కంపెనీ వాదించవచ్చు. ఆ అవకాశం ఇవ్వకుండా, తప్పు ఒప్పుకోకుండానే, కంపెనీ సిస్టమ్ అంకెలను తాత్కాలికంగా ఉపసంహరించండి. లినక్స్ కెర్నెల్‌కు వర్తించే జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఫలితాల ప్రచురణను నిషేధించదు గనుక లినక్స్ అంకెలను తీసివేయనవసరం లేదు.

నోటీసు గడువులోపు న్యాయవాది ద్వారా జవాబివ్వండి. మీరు సమ్మతించారని చెబుతున్న లైసెన్సు ప్రతిని, తేదీతో సహా పంపమని కోరండి. లైసెన్సులో పరిహారం మొత్తాన్ని ముందే నిర్ణయించి ఉన్నా, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం అది గరిష్ఠ పరిమితి మాత్రమేనని గుర్తు చేయండి. పరీక్షా విధానాన్ని జతచేసి ప్రచురణకు రాతపూర్వక అనుమతిని వేరే లేఖలో అడగండి. నిరాకరిస్తే, రెట్టింపు వేగమన్న తమ ప్రకటనకు వారు ఏ పరీక్షను ఆధారం చేసుకున్నారో చెప్పమని అడిగే హక్కు మీకు మరింత బలపడుతుంది.