ఆడవాళ్లలో గుండెపోటును ఆలస్యంగా ఎందుకు గుర్తిస్తారు?

లక్షణాలు వేరుగా ఉంటాయి కాబట్టి అనేది సగం నిజమే. ఆడవాళ్లలోనూ ఎక్కువమందికి వచ్చేది ఛాతీనొప్పే. కాకపోతే దానితోపాటు ఆయాసం, వికారం, దవడలోనో వీపులోనో నొప్పి, కారణం తెలియని నీరసం మగవాళ్లలోకన్నా ఎక్కువగా కలిసి వస్తాయి. దాంతో గ్యాస్ అనో టెన్షన్ అనో తేల్చేస్తారు, ఒక్కోసారి డాక్టర్లు కూడా.

చాలాసార్లు ఆలస్యం ఇంట్లోనే మొదలవుతుంది. పొయ్యి మీద వంట, పిల్లల బడి, మంచం పట్టిన పెద్దవాళ్లు... ఇవన్నీ ఎవరికో అప్పజెప్పేదాకా ఆమె కదలదు. వెళ్లాలా వద్దా, డబ్బు ఎవరివ్వాలి అన్నది మరొకరి చేతిలో ఉంటే ఇంకాస్త సమయం పోతుంది. రక్తం పూర్తిగా ఆగిన గుండె కండరం దాదాపు అరగంటకే చచ్చిపోవడం మొదలవుతుంది మరి.

ఆసుపత్రికి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. మొదటిది మామూలుగా ఉన్నా, నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమని అడగండి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్‌ను కొలిచే ట్రోపోనిన్ రక్తపరీక్షలోనూ ఆడవాళ్లకూ మగవాళ్లకూ తేడా ఉంది. బాగా వాడుకలో ఉన్న ఒక హై సెన్సిటివిటీ (చాలా తక్కువ మోతాదునూ పట్టే) పరీక్షలో మగవాళ్లకు హద్దు లీటరుకు 34 నానోగ్రాములు, ఆడవాళ్లకు 16. మగవాళ్ల హద్దుతోనే చూస్తే, 25 వచ్చిన ఆమె రిపోర్టు ‘నార్మల్’ అయిపోతుంది.