జాలీకి రంగు వేసే ముందు

విజయవాడ

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

జుమ్మేరాత్ బజార్‌లో పాత వాల్వు రేడియో కొన్నావనీ, ముందున్న ఇనప జాలీ తుప్పు పట్టి రంగు పెచ్చులు ఊడుతోందనీ, ఆదివారం దాన్ని విప్పి నువ్వే రంగు వేస్తానంటున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మన ఇంట్లో నా తర్వాత రేడియో వెనక అట్ట విప్పేవాళ్లు ఎవరూ ఉండరనుకున్నాను. కొనేవాళ్లలో చాలామంది షోకేసులో పెట్టడానికి కొంటారు, నువ్వు మోగించాలని కొన్నావు. అయితే మాటల మధ్యలో మీ నాన్న, "పెట్టె పెద్దదే గానీ, ఎత్తితే తేలిగ్గా ఉందన్నయ్యా" అన్నాడు. నాకు టెన్షన్ మొదలైంది అక్కడే. ఆ తేలికకి కారణం తెలిసేదాకా ప్లగ్గు పెట్టొద్దు. రంగు గురించి తర్వాత చెబుతాను, ముందు కరెంటు సంగతి విను.

వాల్వు సెట్టులో, అంటే గాజు గొట్టాల్లాంటి వాల్వులతో పనిచేసే రేడియోలో, బరువంతా మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌దే. అది ఉంటే గోడలోంచి వచ్చే కరెంటు నేరుగా ఛాసిస్‌కి, అంటే లోపలి భాగాలన్నీ బిగించే రేకు చట్రానికి, తగలదు. కానీ ఏసీ-డీసీ సెట్లని ఇంకో రకం ఉండేవి. కలకత్తా లాంటి చోట్ల కొన్ని పేటల్లో డీసీ కరెంటే వచ్చేది. డీసీ మీద ట్రాన్స్‌ఫార్మర్ పనిచేయదు కాబట్టి, అది లేకుండానే ఆ సెట్లు తయారుచేసేవారు. ఖర్చూ తగ్గేది, అందుకని ఏసీ ఉన్న ఊళ్లలో కూడా బాగా అమ్ముడుపోయేవి. వాటిలో వాల్వుల్ని వేడెక్కించే ఫిలమెంట్లన్నీ సిరీస్‌లో, అంటే దండలో పూసల్లా ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. ప్లగ్గు రెండు పిన్నుల్లో ఒకటి తిన్నగా ఛాసిస్‌కే పోతుంది. రెండు పిన్నుల ప్లగ్గు ఎటు తిప్పినా దూరుతుంది కదా, ఒకలా పెడితే ఛాసిస్ మీద న్యూట్రల్, తిప్పి పెడితే ఫేజు, అంటే 230 వోల్టులు. కొన్ని సెట్లలో స్విచ్చి ఆపినా ఫిలమెంట్ల గుండా ఛాసిస్‌కి కరెంటు వస్తూనే ఉంటుంది.

వెనక అట్ట తీసి వాల్వుల మీద రాసినది చదువు. ఫిలిప్స్, మల్లార్డ్ కంపెనీల పద్ధతిలో పేరు పెట్టినవైతే మొదటి అక్షరం చూస్తే చాలు. ఈసీహెచ్ 81, ఈఎల్ 84 ఇలా 'ఈ'తో మొదలైతే 6.3 వోల్టుల ఫిలమెంటు, మామూలుగా అది ట్రాన్స్‌ఫార్మర్ సెట్టే. యూసీహెచ్ 81, యూసీఎల్ 82, యూవై 85 ఇలా 'యూ' కనిపించిందంటే సిరీస్ సెట్టు, ఆ ఛాసిస్‌ని నమ్మకూడదు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ లాంటిది కనబడినా తొందరపడకు, అది ఆటో ట్రాన్స్‌ఫార్మర్ అయితే గోడ కరెంటుని ఛాసిస్ నుంచి వేరు చెయ్యదు, ప్రమాదం అలాగే ఉంటుంది.

జాలీకి రంగు వేయడానికి ఇదంతా దేనికంటావా? గవర్నర్‌పేటలో ఒక షాపులో నేను పని నేర్చుకునే రోజుల్లో జరిగింది చెబుతాను. అక్కడ రంగుపని చూసే ఆయన ఒకాయన ఉండేవాడు. మంచి పనిమంతుడు. ఆయన చేతిలో పడితే ఎంత పాత డబ్బా అయినా కొత్తగా వచ్చేది. ఒక ప్లీడరుగారి ఇంటినుంచి ఇలాంటి జాలీ ఉన్న సెట్టు వచ్చింది. ఆయన జాలీ విప్పి, తుప్పు గీకి, మీగడ రంగు కొట్టాడు. షాపుకి వచ్చినవాళ్లంతా దాన్ని చూసి మెచ్చుకున్నారు.

విప్పినప్పుడు స్క్రూల కింద సన్నటి గోధుమరంగు బిళ్లలు నాలుగు వచ్చాయి. ఫైబర్ వాషర్లు, కరెంటుని పారనివ్వనివి. నూనె, మడ్డి పట్టి ఉన్నాయి. తుప్పు పట్టిన స్క్రూలతో పాటు వాటినీ చెత్తలో వేసేశాడు. కొత్త స్క్రూలు తెచ్చి బిగించాడు. పాతవాటికన్నా అవి కొంచెం పొడుగు, ఎంతంటే గోరు మందం. ఆ గోరు మందమే వెనక ఛాసిస్ బ్రాకెట్‌కి తగిలింది. బిగించేటప్పుడు స్క్రూ తల కింద రంగు చెదిరి ఇనుము బయటపడింది. దాంతో ఛాసిస్, స్క్రూ, జాలీ మూడూ ఒకటైపోయాయి.

సెట్టు ఇంటికెళ్లాక చక్కగా మోగింది. ప్లగ్గు న్యూట్రల్ వైపు పడిందన్నమాట. ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత ఎప్పుడో ఇల్లు సున్నం వేయిస్తూ రేడియోని ఇంకో గదిలోకి మార్చారు, ప్లగ్గు తిరగబడింది. మర్నాడు పొద్దున్నే ప్లీడరుగారి తల్లి తలస్నానం చేసి, తడి చేత్తోనే భక్తిరంజని పెట్టబోయారు. ఎడమచెయ్యి ఆసరాకి జాలీ మీద ఆనించారట. కోడలు పరిగెత్తుకొచ్చి మెయిన్ ఆపబట్టి ప్రాణం దక్కింది. వేళ్ల మీద కాలిన మచ్చలు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఆవిడ అంతకుముందు షాపుకి వచ్చినప్పుడల్లా నన్ను "తిన్నావా నాన్నా" అని పలకరించేవారు.

మా యజమాని ఆ సెట్టు తెప్పించి అందరి ముందూ విప్పారు. కొత్త స్క్రూ, మామూలు స్క్రూ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టారు. ఒక్కమాట కూడా తిట్టలేదు. రంగుపని ఆయన ఆ రెండిటినీ చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత ఆయన మీటరు పెట్టి చూడకుండా ఏ జాలీనీ షాపు దాటనివ్వలేదు. నేను రేడియో ముందుభాగం ఎప్పుడు విప్పినా వెతికేది ఆ గోధుమరంగు బిళ్లలనే.

అందుకని అమ్మలూ, విప్పే ముందు ప్రతిదీ ఫోటో తియ్యి. ఏ స్క్రూ ఎక్కడిదో, దాని కింద ఏముందో రాసుకుని విడివిడిగా పొట్లాలు కట్టు. మురికిగా ఉందని ఏదీ పారెయ్యకు. అరిగిన స్క్రూ మార్చాలంటే అంతే పొడుగుది వెయ్యి. తిప్పే నాబ్‌ల పక్కవైపున ఉండే చిన్న కన్నంలో మైనం నింపి ఉంటే అదీ షాక్ కోసం పెట్టిందే, లోపలి స్క్రూ వేలికి తగలకుండా. తీసేశావంటే తిరిగి నింపాలి. రంగు ఉంది కదా షాక్ కొట్టదులే అని అస్సలు అనుకోకు. ఒక్క గీత పడితే రంగు ఎందుకూ పనికిరాదు.

ఇక రంగు.

మీ నాన్న జాలీ ఇనుమన్నాడు గానీ, ముందు అయస్కాంతం పెట్టి చూడు. అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే అల్యూమినియమో ఇత్తడో. అల్యూమినియం మీద బంగారు రంగు మెరుపు ఉంటే అది రంగు కాకపోవచ్చు, ఆనోడైజింగ్, అంటే ఆ లోహం మీదే కరెంటుతో పట్టించిన పొర అయి ఉంటుంది. దాన్ని గీకితే మళ్లీ రాదు, సబ్బునీళ్లతో కడిగి వదిలెయ్యి. కాస్టిక్ సోడా దాని దగ్గరికి రానివ్వకు, అల్యూమినియాన్ని తినేస్తుంది.

కంపెనీ పేరున్న బిళ్ల జాలీకి మడిచిన రేకు కాళ్లతో పట్టి ఉంటుంది. ఆ కాళ్లు ఒకసారి నిటారుగా లేపొచ్చు, మళ్లీ మళ్లీ వంచితే విరుగుతాయి. బిళ్ల తీశాక దాని కింద చూడు. ఎండా పొగా తగలని అసలు రంగు అక్కడే ఉంటుంది. రంగు డబ్బా కొనడానికి వెళ్లేటప్పుడు జాలీని పట్టుకెళ్లి ఆ ముక్కతో పోల్చుకో, ఫోన్లో ఫోటో చూసి కొనకు.

పాత రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకు. నాలుగు వందల నంబరు వాటర్ పేపర్ తడిపి రుద్దు, మాస్కు పెట్టుకో, ఆ నీళ్లు వంటింటి సింకులో పొయ్యకు. కడిగిన వెంటనే గుడ్డతో తుడిచి ఎండలో పెట్టు. తడి ఇనుము గంటలో మళ్లీ తుప్పెక్కుతుంది.

రుద్దడానికి స్టీల్ ఊల్, అదే ఇనప పీచు, కొన్నావట. తిరిగి ఇచ్చెయ్యి తల్లీ. దాని నూలు విరిగి, కంటికి కనబడని పోగులై స్పీకర్ అయస్కాంతం దగ్గరికి ఎగిరిపోతాయి. స్పీకర్ కోన్‌ని కదిపే తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, దాని సందులో దూరాయంటే ప్రతి పాటకీ గరగర. వాటిని బయటికి తీయడం నా వల్ల కూడా కాదు. ఇంకోటి, స్పీకర్‌ని పేపరుతో కప్పి అక్కడే స్ప్రే కొడతానన్నావట. అదేం పని? ఆ సన్నటి తుంపర పేపరు కిందికి దూరి కాగితపు కోన్ మీద పడుతుంది. కోన్ గట్టిపడితే గొంతు మారిపోతుంది. జాలీ పూర్తిగా విప్పి, వేరే చోట, బాల్కనీలో పెట్టి కొట్టు. నువ్వు చేస్తావు, చేయగలవు, కాకపోతే తొందర మీ నాన్న పోలిక.

ఇనుమైతే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, అల్యూమినియమైతే దానికని అమ్మే ప్రైమర్. ఆరాక రంగు. వానపడే రోజు, గాలిలో తడి ఉన్న రోజు వద్దు, రంగు తెల్లబారుతుంది. డబ్బాని అడుగు దూరంలో ఉంచి, ఎదురుగా కాకుండా ఏటవాలుగా, నాలుగు వైపులనుంచీ కొట్టు. అప్పుడే కన్నాల లోపలి అంచులకి కూడా రంగు అందుతుంది. ఎదురుగా ఒక్కసారే దట్టంగా కొడితే కన్నాలు పాలమీద మీగడ కట్టినట్టు మూసుకుపోతాయి. పల్చటి కోటు వేసి ఆరనిచ్చి, మళ్లీ పల్చటి కోటు. ప్రతి కోటు తర్వాతా వెలుతురుకి ఎత్తిపట్టి చూడు, మూసుకున్న కన్నం కనబడితే తడిగా ఉండగానే పంటిపుల్లతో పొడువు. బ్రష్షు మాత్రం వాడకు.

పైకి ఆరినట్టున్నా లోపల మెత్తగానే ఉంటుంది. వారం రోజులు ఆగి, థిన్నర్ వాసన పూర్తిగా పోయాకే వెనక గుడ్డ అంటించు. జాలీ అంచున ఉన్న ఫెల్టు ముక్కలు తిరిగి పెట్టడం మర్చిపోకు. అవి లేకపోతే మృదంగం మోగినప్పుడల్లా జాలీ అదురుతుంది, జనం స్పీకర్ పోయిందనుకుంటారు.

బిగించాక ప్లగ్గు గోడకి పెట్టకుండానే మీటరుతో చూడాలి. పెద్ద ఓమ్స్ రేంజిలో ఒక కొస జాలీ వెనక రంగులేని చోట, రెండో కొస ప్లగ్గు పిన్నుల మీద ఒక్కోదాని మీదా పెట్టాలి. రేడియో స్విచ్చి వేసి ఒకసారి, ఆపి ఒకసారి. ముల్లు కదిలితే ఎక్కడో తగులుతోందన్నమాట, మళ్లీ విప్పాల్సిందే. జాలీ దగ్గర అంతా సరిగ్గా ఉన్నా నేను వచ్చేదాకా కరెంటు ఇవ్వొద్దు. లోపలి పాత పేపర్ కండెన్సర్లు మార్చే పని ఎలాగూ ఉంటుంది. అది ఇద్దరం కూర్చుని చేద్దాం, గోడ కరెంటుని సెట్టు నుంచి వేరు చేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ నేను తెస్తాను.

వాల్వుల మీది అక్షరాలు, స్క్రూలు పడే చోట్లు ఫోటోలు తీసి ఇవాళే మీ పెద్దమ్మ ఫోన్‌కి పంపు. ఫైబర్ వాషర్లు ఉన్నాయో లేవో, ఉంటే ఎంత సైజో స్కేలు పక్కన పెట్టి తియ్యి. నా దగ్గర ఇంకా కొన్ని ఉన్నాయి, సరిపోయేవి ఏరి పెడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న