టెక్ సందేహాలు: చివరి చెరువు దాకా తీగ లాగాలంటే...

ప్రశ్న: మాకు భీమవరం దగ్గర ఆరు రొయ్యల చెరువులు ఉన్నాయి. మోటారు షెడ్డు నుంచి చివరి చెరువుకు గట్టు వెంట 700 మీటర్లు. ప్రతి చెరువులోనూ నీటిలోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ పెట్టి, అది తగ్గగానే నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు వాటంతటవే తిరిగేలా చేయాలనుకుంటున్నాం. వై-ఫై రెండో గట్టు దాటడం లేదు. ఇంట్లో మిగిలిన క్యాట్-5 (కంప్యూటర్ నెట్‌వర్క్) కేబుల్ చుట్ట ఉంది. దాన్ని లాగితే సరిపోతుందా?

జవాబు: ఆ కేబుల్‌తో ఈథర్‌నెట్, అంటే కంప్యూటర్లను కలిపే మామూలు తీగ నెట్‌వర్క్, నడపాలనుకుంటే సరిపోదు. మామూలు ఈథర్‌నెట్ హద్దు 100 మీటర్లు. మీరు ఆరు చోట్ల స్విచ్‌లు పెట్టుకుంటూ పోవాలి, ప్రతి స్విచ్‌కూ కరెంటు ఇవ్వాలి, ఆ ఉప్పు గాలిలో వాటిని కాపాడుకోవాలి. ఒక్క జత తీగల మీద 1000 మీటర్ల దాకా సెకనుకు 10 మెగాబిట్లు పంపగల 10బేస్-టీ1ఎల్ అనే కొత్తరకం ఈథర్‌నెట్‌కు 2019లో ప్రమాణం వచ్చింది గానీ, మీకు కావలసింది నిమిషానికి ఒకసారి ఒక్క అంకె మాత్రమే కాబట్టి అంత వేగానికి డబ్బు పెట్టనక్కర లేదు.

మీ పనికి తగినది ఆర్‌ఎస్-485 అనే పద్ధతి, సంకేతానికి ఆ కేబుల్‌లోని ఒక్క జత చాలు. 1983 నాటి ఈ ప్రమాణంలో సంకేతం రెండు తీగల మధ్య వోల్టేజి తేడాగా వెళుతుంది. పక్కనున్న మోటారు రేపే అలజడి రెండు తీగల మీదా సమానంగా పడి, తేడాలో కొట్టుకుపోతుంది. తక్కువ వేగంలో ఇది 1200 మీటర్ల దాకా వెళుతుంది. దాని మీద సెన్సర్లు, కంట్రోలర్ మాట్లాడుకునే భాష మోడ్‌బస్, 1979 నాటిది. ఆక్సిజన్ సెన్సర్లు కొనేటప్పుడు 'ఆర్‌ఎస్-485, మోడ్‌బస్ ఆర్‌టీయూ' అని ఉన్నవే అడగండి. ప్రతి సెన్సర్‌కూ వేరువేరు నంబరు ఇచ్చి, అన్నింటికీ సెకనుకు 9600 బిట్ల వేగం పెడితే, షెడ్డులోని కంట్రోలర్ ఆరింటినీ వరుసగా పిలిచి రీడింగులు తీసుకోవడానికి రెండు మూడు సెకన్లు చాలు.

చిక్కంతా తీగ వేసే తీరులో ఉంది. షెడ్డు నుంచి ఒక్కో చెరువుకు ఒక్కో కేబుల్ విడిగా లాగకూడదు. ఒకే తీగ మొదటి చెరువు పెట్టెలోకి వెళ్లి, బయటికి వచ్చి, రెండో పెట్టెలోకి వెళ్లాలి, దండలో పూసల్లాగ. ఆ దండకు రెండు కొసల్లో మాత్రమే 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. తొలిరోజుల్లో నేను జాగ్రత్త పేరుతో ప్రతి పెట్టెలోనూ ఒకటి బిగించి, సగం సెన్సర్లు ఎందుకు పలకడం లేదో తెలియక రెండు రోజులు తల పట్టుకున్నాను. మీరు ఆ పొరపాటు చేయకుండా ఉండటానికి ఒక పరీక్ష ఉంది. అన్నింటికీ కరెంటు తీసేసి, షెడ్డు దగ్గర ఎ, బి అని గుర్తుండే ఆ రెండు సంకేతపు తీగల మధ్య మల్టీమీటరుతో ఓమ్‌లు చూడండి. పుస్తకాలు 60 రావాలంటాయి గానీ, అది పొట్టి తీగల లెక్క. 700 మీటర్ల క్యాట్-5 జతకు రానూ పోనూ తనదే 118 ఓమ్‌ల దాకా ఉంటుంది కాబట్టి మీకు 80 దరిదాపుల్లో చూపించాలి. 120 చూపిస్తే అవతలి కొసలో రెసిస్టర్ లేదనో, మధ్యలో తీగ తెగిందనో అర్థం. 80 కంటే బాగా తగ్గితే ఎవరో అదనంగా బిగించారు. ఎ, బి గుర్తులను ఒక్కో కంపెనీ ఒక్కోలా వాడుతుంది కాబట్టి ఏదైనా సెన్సర్ పలకకపోతే దాని రెండు తీగలూ తారుమారు చేసి చూడండి, దానివల్ల ఏమీ కాలిపోదు.

సెన్సర్లకు కరెంటు మాత్రం ఈ కేబుల్‌లోంచే పంపాలని చూడకండి. ఒక్కో సెన్సర్ 50 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందనుకున్నా, ఆరింటికీ కలిపి 300 అవుతుంది, ఆ సన్నని జత మీద 24 వోల్టులు పంపితే దారిలోనే ఆవిరైపోతాయి. ప్రతి చెరువు గట్టు మీదా ఏరియేటర్ స్టార్టర్ పెట్టె ఎలాగూ ఉంటుంది, అక్కడే చిన్న 24 వోల్టుల పవర్ సప్లై పెట్టండి. అప్పుడు ఒక్కో చోటి ఎర్త్ ఒక్కోలా ఉండి తేడాలు వస్తాయి. ఆర్‌ఎస్-485 చిప్ ఓర్చుకోగలిగింది మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల వరకే కాబట్టి, ఐసోలేషన్ ఉన్న, అంటే సంకేతపు తీగను పవర్ సప్లై నుంచి విడిగా ఉంచే మాడ్యూళ్లనే కొని, కేబుల్‌లో ఇంకో జతను వాటన్నింటి కామన్ (ఉమ్మడి సున్నా) కొసకు కలపండి. పిడుగుల కాలానికి రెండు కొసల్లోనూ సర్జ్ ప్రొటెక్టర్లు ఉండాలి. నేరుగా పడే పిడుగుకు అవి ఆగవు గానీ, దూరాన పడ్డ పిడుగు తీగలో రేపే ఉప్పెనకు చాలావరకు అడ్డుపడతాయి. ఇంట్లోని ఆ చుట్ట రాగిదో, రాగి పూత పూసిన అల్యూమినియందో కూడా కొస గీకి చూడండి. అల్యూమినియం అయితే పక్కన పెట్టేయడమే మేలు. రాగిదే అయినా బయటి ఎండకు, తడికి చేసిన కేబుల్ కాకపోతే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గొట్టంలోంచి పంపండి.

అన్నిటికంటే ముఖ్యమైనది: గట్టు పనికి వచ్చిన పొక్లెయిన్ ఈ కేబుల్‌ను ఏదో ఒకనాడు తెంపుతుంది, లేదా ఎలుక కొరుకుతుంది. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. ఆ వేళ తీగ తెగి ఏరియేటర్ ఆగిపోతే పొద్దున్నే రొయ్యలు పైకి తేలతాయి. అందుకని ఏరియేటర్‌ను తిప్పే ఆజ్ఞను తీగ మీద ఆధారపెట్టకూడదు, ఆపే ఆజ్ఞను ఆధారపెట్టాలి. ప్రతి స్టార్టర్ పెట్టెలోనూ, షెడ్డు ఆజ్ఞతో స్విచ్‌లా పనిచేసే రిలే మాడ్యూల్‌ను ఇదే తీగకు తగిలించి, దానిలోని 'నార్మల్లీ క్లోజ్డ్' కొసను మోటారుకు కరెంటు ఇచ్చే కాంటాక్టర్ కాయిల్‌కు కలపండి. రిలే పని చేస్తున్నంతసేపు ఏరియేటర్ ఆగి ఉంటుంది, రిలేకు కరెంటు పోయినా ఏరియేటర్ తిరుగుతుంది. షెడ్డు నుంచి రెండు నిమిషాలు పిలుపు రాకపోతే రిలే తనంతట తాను వదిలేసే వాచ్‌డాగ్ సౌకర్యం ఉన్న మాడ్యూల్ కొనండి. స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలేను, ఒక ఫేజు పోతే మోటారును ఆపే సింగిల్ ఫేజింగ్ రక్షణను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తప్పించవద్దు.

ప్రశ్న: అశ్వారావుపేట దగ్గర మా ఆయిల్‌పామ్ తోటలో డ్రిప్ వాల్వ్‌కు టైమరు నుంచి 800 మీటర్ల తీగ వేశాం. దగ్గరి వాల్వ్‌లు తెరుచుకుంటున్నాయి. చివరిది 'టక్' అంటుంది గానీ నీళ్లు రావు. వాల్వ్ మార్చాం, అయినా అంతే. 

జవాబు: తప్పు వాల్వ్‌ది కాదు, తీగ సన్నదనానిది. వాల్వ్‌ను తెరిచే 24 వోల్టుల ఏసీ సోలెనాయిడ్ (అయస్కాంతపు చుట్ట) తెరుచుకునే క్షణంలో 0.4 ఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే సుమారు 60 ఓమ్‌ల భారం. మీరు వేసినది 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే 800 మీటర్లకు రానూ పోనూ దానిదే 56 ఓమ్‌లు. పంపినదాంట్లో ఇంచుమించు సగం దారిలోనే పోయింది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో అది 11 ఓమ్‌లకు తగ్గి, వాల్వ్‌కు 20 వోల్టులు చేరతాయి. అంత రాగి కొనడం ఇష్టం లేకపోతే లాచింగ్ సోలెనాయిడ్ వాల్వ్ పెట్టండి. అది తెరవడానికి ఒక్క తోపు, మూయడానికి ఒక్క తోపు చాలు, మధ్యలో కరెంటు అక్కర లేదు. ఆ తోపును వాల్వ్ పక్కనే ఉన్న చిన్న బ్యాటరీ, సోలార్ పలక ఇస్తే, దూరపు తీగ మీద వెళ్లవలసింది సంకేతం మాత్రమే.

ప్రశ్న: బోరు నీటి మట్టం సెన్సర్ మీద 4-20 ఎంఏ (మిల్లీఆంపియర్లు) అని ఉంది. సున్నా నుంచి కాకుండా 4 నుంచి ఎందుకు?

జవాబు: నీటి మట్టం అట్టడుగున ఉంటే 4 మిల్లీఆంపియర్లు, తీగ తెగితే సున్నా, ఈ రెంటినీ వేరుగా గుర్తించడానికే. ఆ 4 మిల్లీఆంపియర్లతోనే సెన్సర్ తానూ నడుస్తుంది కాబట్టి వేరే కరెంటు తీగ అక్కర లేదు. పైగా వోల్టేజి దారిలో తగ్గినా, వరుసగా కలిపిన తీగలో కరెంటు అంతటా ఒకటే కాబట్టి దూరం పెరిగినా రీడింగు మారదు, సప్లై వోల్టేజి చాలినంతవరకు. ఒకే సెన్సర్ ఉన్నప్పుడు ఆర్‌ఎస్-485 కంటే నేను దీన్నే ఎంచుకుంటాను.