బీపీ అంటే కోపమా, జబ్బా?

‘బీపీ ఉంది’ అని డాక్టరు చెబితే జబ్బు అనీ, ‘నాకు బీపీ తెప్పించకు’ అని ఇంట్లో అంటే కోపం అనీ అర్థమవుతోంది, ఇంతకీ ఏది సరైనదని మీరు అడిగారు. గుండె నెట్టే రక్తం ధమనుల గోడలపై కలిగించే ఒత్తిడే బీపీ, అంటే రక్తపోటు. కనుక బతికున్న ప్రతి మనిషికీ అది ఉంటుంది. జబ్బు పేరు అధిక రక్తపోటు. ‘ఆయనకు బీపీ, షుగర్ ఉన్నాయి’ అన్నప్పుడు ఎక్కువగా ఉందనే అందరమూ గ్రహిస్తాం కాబట్టి ఆ వాడుకతో ఇబ్బందేమీ లేదు.

ఇబ్బందంతా కోపానికి ముడిపెట్టిన వాడుకతోనే. కోపంలో రక్తపోటు కాసేపు పెరగడం నిజమే కానీ, మెట్లెక్కినా అది పెరుగుతుంది. ప్రశాంతంగా కూర్చున్నప్పుడు, వేర్వేరు రోజుల్లో చూసినా పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ, లేదా అంతకు మించి గానీ ఉంటే దాన్ని జబ్బుగా పరిగణిస్తారు. మా నాన్నగారు ఎవరినీ గట్టిగా ఒక మాట అని ఎరుగరు. ‘నాకు బీపీ ఎందుకుంటుంది, ఎప్పుడైనా కోప్పడ్డానా?’ అనే ఆ మనిషికి శుక్లాల ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షలో 180/100 వచ్చింది. తలనొప్పి లేదు, కళ్లు తిరగడమూ లేదు. ఆపరేషన్ వాయిదా వేసి మందులు మొదలుపెట్టారు. అంకెలు దిగివచ్చాక, మనసు కుదుటపడింది కదా, ఇంక మాత్ర దేనికని ఆయన ఎమ్లోడిపిన్ మానేయబోయారు. అవి తగ్గింది ఆ మాత్ర వల్లనేనని నమ్మించడానికి మాకు చాలా ఓపిక పట్టింది. ఏ బాధా తెలియనివ్వకుండానే అధిక రక్తపోటు మెదడునూ గుండెనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది కాబట్టి, శాంతస్వభావులకు ఇది రాదన్న నమ్మకం చాలా ప్రమాదకరం.

‘లో బీపీ’ అన్న మాటా ఇలాగే నీరసానికీ కళ్లు తిరగడానికీ పర్యాయపదమైపోయింది. ఆ పేరుతో, అధిక రక్తపోటుకు మందులు వాడుతున్నవారికి కూడా ఉప్పు వేసిన నిమ్మరసం తాగిస్తుంటారు. పెద్దవారికి రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంటే, ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు తినే మన ఇళ్లలో అది ఎప్పుడో దాటిపోతుంది. అందుకే ముందు రక్తపోటు కొలవాలి: కాఫీ తాగి అరగంటైనా గడిచాక, అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, పాదాలు నేలపై, చేయి గుండె ఎత్తున బల్లపై ఉంచి, కొలిచేటప్పుడు మాట్లాడకుండా ఉండాలి. ఆ అంకెలను తేదీతో సహా రాసిపెట్టి డాక్టరుకు చూపించండి.